నేను పడని చెట్టు

మా ప్రాంతం వాళ్ళ బొటనవేళ్ళ మీద నాకో ఫిర్యాదు ఉంది. మామిడిపండు కనిపిస్తే నొక్కకుండా ఉండలేరు. కొనేవాడు నొక్కుతాడు. కొనకూడదని ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చినవాడూ నొక్కుతాడు. దారినపోతూ గంపలోకి తొంగిచూసినవాడు కూడా ఓసారి నొక్కి, మగ్గిందనో ఇంకా గట్టిగా ఉందనో తీర్పు చెప్పి మరీ వెళతాడు. నొక్కిన చోట సాయంత్రానికి నల్లమచ్చ పడుతుంది. మర్నాడు అదే మనిషి వచ్చి, ఆ మచ్చ చూసి, ‘ఇది దెబ్బతిన్న కాయండీ’ అని పక్కన పెడతాడు. దెబ్బ ఎవరు కొట్టారో అడగడు.

చిన్న విషయమే. నా కాలు వాచేదాకా నేనూ పట్టించుకోలేదు.

అప్పుడు నాకు పదిహేనేళ్ళు. నూజివీడు హైస్కూల్లో ఫిఫ్త్ ఫారం చదువుతున్నాను. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి చలికాలం, మామిడి పూతకొచ్చిన రోజులు. క్లాసులో లెక్క చెప్పడానికి లేచి నిలబడితే ఎడమ మోకాలి కింద ఎముకలో సలిపింది. కూర్చున్నాను, పోయింది. లెక్కల పీరియడ్‌లో అందరికీ ఏదో ఒకటి సలుపుతుంది గనక అనుమానించలేదు. కానీ ఆ నొప్పి ఇంటికి కూడా వచ్చింది. నడిస్తే కాస్త నయం, పడుకుంటే ఎక్కువ. అలసిపోయిన కాలు తీరు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ఈ తేడా నేను గమనించాను, ఇంట్లో చెప్పాను. అమ్మ కర్పూరం నూనె రాసి రుద్దింది.

ఒక ఆదివారం తలంటి పోస్తూ అమ్మ చెయ్యి నా కాలి మీద ఆగిపోయింది. “ఇదేంట్రా రాఘవా, ఇక్కడ ఇంత లావుంది?” అంది. నాన్నని కేకేసింది. నాన్న వచ్చాడు, వంగాడు, చూశాడు. బొటనవేలు పెట్టి నొక్కాడు.

“ఎక్కడ పడ్డావు?” అన్నాడు.

“పడలేదు” అన్నాను.

నా జబ్బు గురించి నన్నడిగిన మొదటి ప్రశ్న అది. దానికి నేనిచ్చిన జవాబు నిజం. ఆ నిజం నాకు చేసిన చెడుపు ఏ అబద్ధమూ చేసి ఉండదు. ఎందుకో చెబుతాను.

మామిడి తోట ఉన్న ఇంట్లో కుర్రాడి కాలు వాచిందంటే దానికి ఒక్కటే అర్థం, చెట్టు మీంచి పడ్డాడని. పూత రాలిపోతుందని ఆ రోజుల్లో పిల్లల్ని చెట్లెక్కనివ్వరు. ఎక్కితే తన్నులు. కాబట్టి పడ్డవాడెవడూ పడ్డానని చెప్పడు. కాబట్టి పడలేదని చెప్పినవాడు పడ్డట్టే. నేను ఎంత గట్టిగా పడలేదంటే అంత ఎత్తు నుంచి పడ్డట్టు. ఈ తర్కాన్ని తర్వాత కాలేజీలో లాజిక్ పుస్తకంలో వెతికాను. అక్కడ లేదు. దాన్ని మా జిల్లాలోనే కనిపెట్టి ఉంటారు.

మా తోటకి కోటయ్య అని కాపలా మనిషి ఉండేవాడు. తోటలోనే పాక, పాకలో అతనూ అతని భార్యా. నాన్న అతన్ని పిలిపించి, మావాడు ఏ చెట్టెక్కాడని అడిగాడు.

“ఎక్కలేదయ్యా. ఈ పూతలో బాబు తోటకే రాలేదు” అన్నాడు కోటయ్య.

“అంటే నువ్వు చూళ్ళేదన్నమాట” అన్నాడు నాన్న.

రాలేదు అన్న మాట అంత సులువుగా చూళ్ళేదు అయింది. చూళ్ళేదు కాస్తా నిద్రపోయాడు కావడానికి ఇంకా తక్కువ సమయం పట్టింది.

మైలవరం దగ్గర ఎముకలు సరిచేసి కట్టు కట్టే ఆయన ఉన్నాడంటే ఎడ్లబండి మీద తీసుకెళ్ళారు. ఆయన రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. నేను అరిచాను. అరుపు వినగానే ఆయనకి రోగం తెలిసిపోయింది. ఎముక పక్కకి జరిగిందనీ, చెట్టు మీంచి పడ్డ దెబ్బలన్నీ ఇలాగే ఉంటాయనీ నాన్నతో అన్నాడు. చేతికి నూనె రాసుకుని జరిగిన ఎముకని యథాస్థానానికి నెట్టాడు. అది జరగలేదు గనక వెళ్ళాల్సిన చోటు దానికి తెలియలేదు. తర్వాత కోడిగుడ్ల తెల్లసొనలో మినప్పిండి కలిపి పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఇంక నూనెలో వేయించడం ఒక్కటే తక్కువ.

ఆ కట్టుతో వీధి అరుగు మీద మంచంలో పడుకున్నాను. ఊరంతా చూడ్డానికి వచ్చింది. కట్టు పై భాగంలో వాపు కనిపించేది. వచ్చినవాళ్ళంతా దాన్ని నొక్కారు. గట్టిగా ఉందన్నారు కొందరు. కాస్త మెత్తబడిందన్నారు కొందరు. ఏ చెట్టన్నది తేలలేదు గనక దాని మీద కూడా చర్చ జరిగింది. బావి దగ్గరి చిన్నరసం చెట్టుకి ఓట్లు ఎక్కువ పడ్డాయి. కొమ్మలు వంగి ఉంటాయి, ఎక్కడానికి వీలు. ఈ చర్చల్లో నా అభిప్రాయం ఎవరికీ అవసరం పడలేదు.

కట్టు విప్పేసరికి వాపు తగ్గకపోగా పిక్క దాకా దిగింది. జ్వరం మొదలైంది. సాయంత్రం వచ్చేది, పొద్దున్నే పోయేది. అప్పుడు నూజివీడులో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. మంచివాడే. నా కాలు చూసి, నాన్నని చూసి, “ఎలా జరిగిందండీ?” అని నాన్ననే అడిగారు. నాన్న చెప్పాడు. డాక్టరు గారు కాగితం మీద ‘ఫాల్ ఫ్రమ్ ట్రీ’ అని రాశారు. బల్లకి ఇవతల కూర్చుని తలకిందులుగా చదివాను. నాకు మండుకొచ్చింది. తెలుగులో చెబితే ఎవరూ నమ్మడం లేదు గనక ఇంగ్లీషులో చెప్పాను, నేను పడలేదండీ అని.

డాక్టరు గారు మెచ్చుకోలుగా తలూపారు. “మీవాడి ఇంగ్లీషు బాగుందండీ” అన్నారు నాన్నతో. తర్వాత, “ఎంత ఎత్తుంటుంది?” అని అడిగారు.

“రెండు నిలువులుంటుందండీ” అన్నాడు నాన్న, దగ్గరుండి కొలిచినట్టు.

లోపల రక్తం గడ్డకట్టిందనీ, అది హెమటోమా అనీ అన్నారు మొదట. జ్వరం తగ్గకపోతే, దెబ్బ తగిలిన ఎముకకి చీము పట్టిందనీ, అది ఆస్టియోమైలైటిస్ అనీ అన్నారు. పెన్సిలిన్ అప్పుడప్పుడే మా వైపు వస్తోంది. బెజవాడ నుంచి తెప్పించి మూడు గంటలకోసారి పొడిచారు. జ్వరం దిగింది. అమ్మ పాయసం వండింది. పాయసం అరక్కముందే జ్వరం మళ్ళీ వచ్చింది.

అప్పుడు డాక్టరు గారు తన కాగితాన్ని తనే అనుమానించారు. ఆ మాట దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఆ పని చేసేవాళ్ళు తక్కువ. “ఇది నాకు అర్థం కావట్లేదండీ. ఇక్కడ ఎక్స్‌రే లేదు. మద్రాసు తీసుకెళ్ళండి. ఆలస్యం చెయ్యకండి” అన్నారు.

అప్పటికి కాయ ముదిరింది. మా వైపు పెళ్ళయినా, ఇంటి కప్పు నేయించడమైనా, ముసలమ్మ కంటి ఆపరేషనైనా కాయ దిగాకే. కోత నడుస్తుండగా యజమాని ఊళ్ళో లేకపోతే సగం తోట గట్టు దాటిపోతుందని భయం. అది ఉత్త భయం కాదు, నిజంగానే దాటిపోతుంది. నాన్న కూడా అదే మాట అన్నాడు, కాయ దిగాక వెళ్దామని. అమ్మ ఊరుకోలేదు. పిల్లాడు కాలు నేల మీద ఆనించలేకపోతున్నాడని రోజూ పోరింది.

“పడ్డ దెబ్బే కదే. నెల రోజుల్లో ఏం మారిపోద్ది?” అన్నాడు నాన్న.

నా కోపమంతా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది. నాన్న పిసినారి కాదు, పాషాణమూ కాదు. జబ్బని తెలిస్తే కాయని చెట్ల మీదే వదిలేసి ఆ పూటే బయల్దేరేవాడు. కానీ పడ్డ దెబ్బ పెరగదు. అది ఎప్పుడు తగిలిందో అప్పటికే అయిపోయిన సంగతి, ఇంక చెయ్యాల్సిందల్లా మానేదాకా చూడ్డమే. నా కాల్లో ఉన్నది పెరుగుతోంది. నేను పడ్డానని ఊరంతా తీర్మానించడం వల్ల నాకు జరిగిన నష్టం పరువు నష్టం కాదు, అచ్చంగా ఒక కోత కాలం.

ఆ కోత మధ్యలోనే నాన్న కోటయ్యని పనిలోంచి తీసేశాడు. నా కాలు చూసినప్పుడల్లా నాన్నకి ఎవరి మీదో ఒకరి మీద కోపం రావాలి, కోటయ్య దగ్గర్లో ఉన్నాడు. అరుగు మీంచి చూశాను, అతను కుండలూ చాపా నెత్తిన పెట్టుకుని వస్తున్నాడు, భార్య కోళ్ళ గంపతో వెనకాల. మా ఇంటి ముందు ఆగి, “కాలెట్టా ఉంది బాబూ?” అనడిగాడు.

నేను పడలేదని నీకు తెలుసు కదా, మా నాన్నతో చెప్పు అన్నాను.

“చెప్పాగా బాబూ. మీరు రాలేదు, ఎక్కలేదు. నా కళ్ళు నాకు తెలవవా?” అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఈ లోకంలో నా మాట నిజమని తెలిసిన రెండో మనిషి అలా తోట దాటి పోయాడు.

కాయ దిగాక మద్రాసు బయల్దేరాం. బెజవాడలో రైలెక్కేదాకా బొగ్గుతో నడిచే బస్సు, దాన్నిండా సరిహద్దు దాటి నైజాం నుంచి పారిపోయి వస్తున్న జనం. నా కాలు చాపడానికి ఒక ముసలాయన తన మూట తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “చెట్టు మీంచి పడ్డాడా?” అనడిగాడు నాన్నని. ఆయన మా ఊరివాడు కూడా కాదు.

మద్రాసులో పెద్దాసుపత్రి. ఎక్స్‌రే తీశారు, ఎముక ముక్క తీసి బయాప్సీకి పంపారు. సర్జన్ నెల్లూరు వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడేవాడు. నూజివీడు కాగితం చదివి, నాన్న వైపు కాక నా వైపు తిరిగాడు.

“ఎప్పుడు పడ్డావు?”

“పడలేదండీ.”

“మరి పడ్డావని రాసుందేం?”

“మాకు మామిడి తోట ఉందండీ” అన్నాను.

ఆయన నవ్వలేదు. పెన్ను తీసి, ఆ మాట కొట్టేసి, పైన ‘నో హిస్టరీ ఆఫ్ ఇంజురీ’ అని రాశాడు. నొప్పి ఎప్పుడు ఎక్కువని అడిగాడు. నడిస్తే నయం, పడుకుంటే ఎక్కువ అన్నాను. అదీ రాసుకున్నాడు. వాపు మీద చెయ్యి ఊరికే ఆనించాడు, నొక్కలేదు. ఏడవడానికి అంతకుముందు చాలా మంచి అవకాశాలు వచ్చినా వాడుకోలేదు, అక్కడ ఏడ్చాను.

ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి నాకు కూడా చూపించాడు. ఎముక చుట్టూ ఉల్లిపాయ పొరల్లాగా గీతలు. బయాప్సీ వచ్చాక నాన్ననీ అమ్మనీ కూర్చోబెట్టి చెప్పాడు, ఇది సార్కోమా అని, అంటే ఎముకలోనే పుట్టే కేన్సరని, చాలా అరుదుగా వస్తుందని, వస్తే ఇలా పెరిగే వయసు పిల్లలకే వస్తుందని. కాలు తొడ దగ్గర తీసెయ్యాలి, ఆ తర్వాత డీప్ ఎక్స్‌రే అనే కిరణాల వైద్యం ఇవ్వాలి, ఇంతా చేసి కూడా బతుకుతాడని మాట ఇవ్వలేనన్నాడు.

అంతా విని నాన్న, “చెట్టు మీంచి పడకపోయుంటే ఇది వచ్చేది కాదు కదండీ?” అన్నాడు.

“అతను పడలేదు” అన్నాడు సర్జన్.

“అది వాడి మాటండీ.”

“కాలూ అతనిదే కదా” అన్నాడు సర్జన్.

ముందే తెచ్చుంటే కాలు ఉండేదా అని అమ్మ అడిగింది. కాలు సంగతి చెప్పలేను గాని, ముందే తెచ్చుంటే బాగుండేది అన్నాడాయన. నాన్న లేచి వరండాలోకి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది తక్కువ. ఈథర్ వాసన తెలుసు. లేచాక లేని పాదం దురద పెట్టడం తెలుసు. దాన్ని గోకడానికి వీల్లేదు, గోకకుండా ఉండటానికీ వీల్లేదు. సిస్టర్‌తో చెబితే, అందరికీ అలాగే ఉంటుంది, ఫాంటమ్ అంటారు అంది. నేను పడని చెట్టు లాగానే అది కూడా లేకుండానే ఉందన్నమాట.

డీప్ ఎక్స్‌రే అసలు జబ్బు కంటే నయమని చెప్పలేను. చర్మం నల్లబడి పొరలుగా లేచింది. తిన్నది నిలవలేదు. మధ్యలో వైట్ కౌంట్, అంటే రక్తంలో తెల్లకణాల లెక్క, పడిపోయిందని కొన్ని వారాలు ఆపేశారు. ఆ ఆపిన వారాల్లోనే ఎక్కువ భయపడ్డాను. పక్క మంచం మీద నా వయసువాడే ఉండేవాడు, నా జబ్బే. అతను ఇంటికి వెళ్ళలేదు. అంతకంటే అతని గురించి రాయలేను.

చంకకర్రలతో ఇంటికి తిరిగొచ్చేసరికి బావి దగ్గర చిన్నరసం చెట్టు లేదు. మొద్దు మిగిలింది. నాన్న మద్రాసు నుంచి మధ్యలో ఒకసారి ఊరెళ్ళినప్పుడు కొట్టించాడట. మంచి కాపు చెట్టు. దానికీ నాకూ ఇంచుమించు ఒకేసారి కోత పడింది. తేడా ఏంటంటే నాకు జబ్బన్నా ఉంది.

కొన్నాళ్ళకి మనసు గట్టిచేసుకుని కోటయ్యని మళ్ళీ పిలిపించమని నాన్ననడిగాను. డాక్టరు కూడా చెప్పాడు కదా, నేను పడలేదని, అందుకని అతని తప్పేం లేదు అన్నాను.

“వాణ్ణి పిలిస్తే వాడి తప్పు లేదన్నట్టు అవుద్ది” అన్నాడు నాన్న.

“లేదు గనకే.”

“మరి ఎవరిదంటావురా?” అన్నాడు. నా మొహం చూడలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎప్పుడూ ఆ విషయం రాలేదు. నాన్న మీద నాకు ఈ రోజుకీ కోపం ఉంది. పోయినేడు పక్షవాతం వచ్చినప్పుడు ఆయన కాలు పట్టింది నేనే. ఈ రెండూ నాలో ఒకదాన్నొకటి అడ్డుకోకుండానే ఉన్నాయి.

మరుసటి ఏడాది దగ్గు పట్టుకుంటే ఊపిరితిత్తులకి పాకిందనే అనుకున్నారు అందరూ. మద్రాసు వెళ్ళి చెస్ట్ ఎక్స్‌రే తీయించాం. ‘లంగ్స్ క్లియర్’ అన్నాడు సర్జన్. ఉత్త దగ్గే. అంత మర్యాదగా చూసుకోబడిన దగ్గు మా జిల్లాలో ఇంకోటి ఉండదు. అప్పటినుంచి ఏటేటా వెళ్ళాను. మొన్న వెళితే ఇంక రానక్కర్లేదు అన్నాడు. ఎందుకు బతికావో నాకు తెలీదు, నీలాంటివాళ్ళు చాలా తక్కువ అన్నాడు. ఆయన తెలీదంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఇప్పుడు నేను బి.ఏ. పూర్తిచేసి మైలవరంలో పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. చెక్క కాలు వానాకాలం కిర్రుమంటుంది. నేను వస్తున్నట్టు క్లాసుకి ముందే తెలిసిపోతుంది గనక క్రమశిక్షణ బాగుంటుంది. ఎవరైనా పిల్లాడు కాలు నొప్పంటే మాత్రం నాకు హాస్యం రాదు. అందుకే చదివేవాళ్ళకి ఒకే ఒక్క మాట చెబుతాను. పిల్లల ఎముక మీద వాపు కనిపిస్తే, అందులోనూ పడుకున్నప్పుడు ఎక్కువ సలిపితే, దాన్ని నొక్కకండి, రుద్దకండి, రుద్దించకండి. ఎక్స్‌రే ఉన్న ఊరికి తీసుకెళ్ళండి, కాయ దిగకముందే. అక్కడ డాక్టరు అడిగితే మీరు జవాబు చెప్పకండి. పిల్లాణ్ణి చెప్పనివ్వండి. పడలేదంటే పడలేదనే రాయించండి.

సర్జన్ రానక్కర్లేదన్న రోజునే కోటయ్యని చూడాలనుకున్నాను. రెడ్డిగూడెంలో ఎవరి తోటలోనో కోత కూలికి ఉన్నాడని తెలిసి బస్సెక్కి వెళ్ళాను. పెద్దవాడైపోయాడు. చెట్టు నీడన కూర్చుని కాయలు వేరుచేసి, గంపలో వరిగడ్డి పరిచి సర్దుతున్నాడు. ఒక్కో పండునీ నొక్కకుండా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి పక్కన పెడుతున్నాడు. నన్ను గుర్తుపట్టి లేవబోయాడు, ఉండమన్నాను. అతని భార్య సంగతి అడిగితే పోయిందన్నాడు. నా చెక్క కాలు కేసి చూసి తల దించుకున్నాడు.

ఇన్నేళ్ళుగా లోపల కూడబెట్టిందంతా చెప్పాను. అది సార్కోమా అనే జబ్బని, దెబ్బ కాదని, మద్రాసు డాక్టరే కాగితం మీద రాశాడని, మా నాన్న చేసింది అన్యాయమని, అతని తప్పు ఇసుమంత కూడా లేదని. మాట వణక్కుండా చెప్పాననే అనుకుంటాను. కోటయ్య చేతిలో పండు అలాగే పట్టుకుని ఓపిగ్గా విన్నాడు, చిన్నపిల్లాడు చెప్పే కథ పెద్దవాళ్ళు వింటారే, అలా. అంతా అయ్యాక ఆ పండు నా చేతిలో పెట్టాడు.

“పడకుండా కాలెందుకు తీస్తారు బాబూ?” అన్నాడు. “ఆ పూట నాకు కునుకు పట్టే ఉంటది.”